పులి చారలూ, నక్క వాతలూ, ఆన్‌లైన్ పోకర్ పాఠాలూ

"నేను ఆడట్లేదు బాసూ, స్టడీ చేస్తున్నా."

ఈ మాట కనీసం ఓ పదిమంది సాఫ్ట్‌వేర్ మిత్రుల నోట విన్నాను. పదకొండోవాణ్ణి నేనే. కాబట్టి ఇవ్వాళ కాస్త ఘాటుగా రాసినా ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. తడుముకోవాల్సొస్తే ముందు నా భుజాలే.

విషయం ఆన్‌లైన్ పోకర్. ఇంకాస్త సూటిగా చెప్పాలంటే, పోకర్ బాగా ఆడేవాళ్ళ హ్యాండ్లు చూసీ చూసీ మనం కూడా బాగా ఆడటం నేర్చేసుకోవచ్చు అనే నమ్మకం. ఇది మన ఐటీ జనాల్లో బలంగా పాకింది. ఎందుకు పాకదూ? మనం ఎంసెట్ రాసినవాళ్ళం, ప్రాబబిలిటీ చదివినవాళ్ళం, ఏ టెక్నాలజీ అయినా రెండు వీకెండ్లలో పట్టేస్తామని రెజ్యూమెలో రాసుకునేవాళ్ళం. ఊళ్ళో బాబాయ్ మామిడితోటలో తువ్వాలు పరుచుకుని ఆడితే జూదం. మనం రెండు మానిటర్లు పెట్టుకుని ఆడితే స్కిల్ గేమ్!

నా వాదన మొదటే చెప్పేస్తాను. గొప్ప ఆటగాళ్ళ హ్యాండ్లని మనం మామూలుగా చూసే పద్ధతిలో చూస్తే ఆట మెరుగుపడదు, పాడవుతుంది. మెరుగుపడే పద్ధతి ఒకటుంది. అది మహా బోరు. అందుకే ఎవడూ చెయ్యడు.

ముందు చట్టం సంగతి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో మన దేశంలో డబ్బుతో పోకర్ ఆడించే సైట్లు ఆ దుకాణం కట్టేశాయి. కాబట్టి ఇక్కడున్నవాళ్ళకి నేను చెప్పేది ఉత్తుత్తి చిప్స్‌తో ఆడుకునేటప్పుడు పనికొస్తుంది. న్యూజెర్సీలోనో, ఇంగ్లండులోనో ఉండి అక్కడి చట్టం ప్రకారం ఆడే మనవాళ్ళకి మాత్రం ఇది నేరుగా జేబుకి సంబంధించిన సంగతి. "వీపీఎన్ పెట్టుకుంటే..." అని ఎవరైనా మొదలుపెడితే, ఆ సంభాషణలో నేను లేను.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను (నిజంగానే రెండు ముక్కలే!). టెక్సస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికీ మూసిన ముక్కలు రెండు పంచుతారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి. ఆ ఆఖరి ముక్క పేరు రివర్. ప్రతి దశలోనూ పందెం ఉంటుంది. మన మూడుముక్కలాటలో లాగానే, చేతిలో ఏమీ లేకపోయినా పందెం పెంచి అవతలివాణ్ణి బెదరగొట్టొచ్చు. అది బ్లఫ్. వాడు బెదిరి ముక్కలు పడేస్తే ఎవరూ ఎవరికీ ముక్కలు చూపించక్కర్లేదు. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి, నా గొడవంతా దాని చుట్టూనే.

పోకర్ పిచ్చి ప్రపంచానికి ఎలా పట్టిందో చూద్దాం. 2003లో టెనెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు (ఇంటిపేరు నిజంగా అదే) వంద డాలర్లు కూడా లేని ఒక ఆన్‌లైన్ పోటీలో గెలిచి, వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీకి సీటు సంపాదించాడు. అక్కడ 839 మందిలో మొదటివాడిగా నిలిచి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్ళాడు. మరుసటి ఏడాది అదే పోటీకి 2,576 మంది వచ్చారు. 2006లో 8,773 మంది. ప్రతివాడూ "వాడికి వస్తే నాకు రాదా" బాపతే.

ఆ పోటీ చివర్లో ఇద్దరే మిగిలినప్పటి హ్యాండ్ ఒకటుంది. పోకర్ ఆడే ప్రతివాడూ దాన్ని చూసే ఉంటాడు. మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆటీను ఏడు. ఎదురుగా శామ్ ఫర్హా, చేతిలో ఇస్పేటు రాణి, ఆటీను తొమ్మిది. బల్ల మీద తొమ్మిది, రెండు, ఆరు, ఎనిమిది, మూడు. ఫర్హాకి తొమ్మిదుల జత పడింది. మనీమేకర్ ఆశపడిన ఇస్పేట్లూ పూర్తి కాలేదు, వరసా పూర్తి కాలేదు. చేతిలో ఉత్త రాజు. అయినా దగ్గరున్న చిప్స్ అన్నీ ముందుకి తోశాడు. ఫర్హా చాలాసేపు ఆలోచించి జత పడేశాడు. "శతాబ్దపు బ్లఫ్" అని కామెంటేటర్ మురిసిపోయాడు.

ఇది చూసి మనవాడు ఏం నేర్చుకున్నాడు? "ధైర్యం ఉండాలి గురూ" అని.

కాస్త లెక్క చూద్దాం, మనకి లెక్కలొచ్చు కదా. పాట్‌లో 100 ఉందనుకోండి. మీరు 100 పందెం వేసి బ్లఫ్ చేశారు. అవతలివాడు పడేస్తే 100 వస్తుంది, పడెయ్యకపోతే 100 పోతుంది. అంటే వాడు సగం కంటే ఎక్కువసార్లు పడేస్తేనే ఆ బ్లఫ్‌కి లాభం. 200 వేస్తే మూడింట రెండుసార్లు పడెయ్యాలి. మనీమేకర్ వీడియో మనకి చూపించేది ఒక్క సారి. ఆ ఒక్క సారి పడేశాడు. వందలో ఎన్నిసార్లు పడేస్తాడు అనే అసలు ప్రశ్నకి ఆ వీడియోలో జవాబు లేదు. ఉండే అవకాశమే లేదు.

ఇంకో సంగతి. రివర్ దగ్గర పాట్‌కి సమానంగా పందెం వేసే మంచి ఆటగాడు, సిద్ధాంతం ప్రకారం, రెండుసార్లు నిజంగా మంచి ముక్కలతో వేస్తే ఒకసారి బ్లఫ్‌గా వేస్తాడు. మనం చూసి చప్పట్లు కొట్టేది ఆ ఒక్కదానికి. ఆ బ్లఫ్‌కి పని చేసే బలం ఇచ్చిన మిగతా రెండిటినీ ఎవడూ క్లిప్పు చెయ్యడు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు అని మనవాళ్ళు ఊరికే అన్నారా? నక్క తప్పంతా చార అంటే చర్మం మీద గీత అనుకోవడమే.

ఇక్కడ ఒక మిత్రుడు నన్ను గట్టిగా నిలదీశాడు. "మరి చదరంగం? కోనేరు హంపి అయినా, ఆనంద్ అయినా పాత మహామహుల ఆటలు చదవకుండానే అంతవాళ్ళయ్యారా?"

మంచి ప్రశ్నే. జవాబు కూడా అంత మంచిదే. చదరంగంలో దాపరికం లేదు. కాపబ్లాంకా 1920ల్లో ఆడిన ఆట కాగితం మీద ఉంటే, ఆయనకి కనపడిన బల్లంతా మనకీ కనపడుతుంది. ఎత్తు మంచిదా చెడ్డదా అన్నది ఆ బల్ల మీదే తేల్చుకోవచ్చు. పోకర్‌లో ఎత్తు మంచిదా కాదా అన్నది ఆ ఒక్క హ్యాండ్‌లో తేలదు. ఆ పరిస్థితిలో అతని చేతిలో ఉండగలిగే మిగతా ముక్కలన్నిటితో ఏం చేసేవాడో తెలిస్తేనే తేలుతుంది. అవి కాగితం మీద ఉండవు. ఎందుకంటే అవి ఆ రోజు పడలేదు. పడ్డవాటిలో కూడా చాలాభాగం చూపించకుండా పడేసినవే. మనకి దొరికేది డైరీలోంచి చించిన నాలుగు పేజీలు, అవీ ఎవడో ఏరి చించినవి.

మన భాషలో చెప్పాలంటే, గొప్ప ప్రోగ్రామర్ చెక్-ఇన్ చేసిన కోడ్ ఒక్కటే చదివి డిజైన్ నేర్చుకున్నాననుకోవడం లాంటిది. వాడు రాసి చెరిపేసిన మూడు వెర్షన్లూ, వద్దనుకున్న ఐడియాలూ ఏ రిపాజిటరీలోనూ ఉండవు.

ఈ లోపం తెలిసిన పెద్దవాళ్ళు లేకపోలేదు. డెన్మార్క్ ఆటగాడు గస్ హాన్సెన్ 2007లో ఆసీ మిలియన్స్ పోటీ గెలిచాడు. ఆ పోటీ ఆడుతూనే తన హ్యాండ్ల వివరాలు చిన్న రికార్డర్‌లో చెప్పుకుంటూ పోయాడు. 2008లో "ఎవ్రీ హ్యాండ్ రివీల్డ్" అని పుస్తకం వేశాడు. మూడొందలకి పైగా హ్యాండ్లు. వాటిలో ఎక్కువ భాగం ఏ టీవీ వాడూ చూపించని చిల్లర హ్యాండ్లు. పందెం కాస్త పెంచాడు, అందరూ పడేశారు, నాలుగు చిప్స్ వచ్చాయి. మళ్ళీ అదే. టీవీలో హాన్సెన్‌ని చూసి "వీడు పిచ్చోడు, ఏ ముక్కలతోనైనా ఆడేస్తాడు" అనుకునేవాళ్ళకి ఈ పుస్తకంలో వేరే మనిషి కనపడతాడు. ఏ కుర్చీలో కూర్చున్నాడు, ఎదుటివాడి దగ్గర ఎన్ని చిప్స్ మిగిలాయి, వాడు పడేసే రకమా కాదా అని ప్రతిసారీ లెక్క కట్టుకునే మనిషి. చదివితే అలాంటివి చదవండి. కానీ ఎంతమంది ఆఖరి పేజీ దాకా చదివారంటారు? నేను మాత్రం పెద్ద హ్యాండ్లు వెతుక్కుని అవే చదివాను. అదే నా రోగం.

నా సంగతి చెప్తానన్నాను కదా. 2009లో ఆన్‌సైట్ మీద ఇంగ్లండులో ఉన్నాను, ఒంటరిగా. పగలు ఆఫీసు, రాత్రి చిన్న పందేల బల్లలు. పక్క విండోలో ఎప్పుడూ ఎవడో ఒక మొనగాడి వీడియో. వాళ్ళు రివర్ దగ్గర పెద్ద పందేన్ని బలహీనమైన జతతో కాల్ చేసి, అవతలివాడి బ్లఫ్ పట్టేసేవాళ్ళు. దాన్ని హీరో కాల్ అంటారు. ఆహా, పేరులోనే ఉంది మజా. నా డెస్క్‌టాప్ మీద "హీరో కాల్స్" అని ఒక ఫోల్డరే ఉండేది. మరి హీరోని చూసినవాడు ఊరుకుంటాడా? నేనూ కాల్ చెయ్యడం మొదలుపెట్టాను.

ఐదు నెలల్లో 1,150 పౌండ్లు పోయాయి. ఎండాకాలం సెలవులకి మా ఆవిణ్ణీ పాపనీ రప్పిద్దామని దాచిన డబ్బు అది. "టికెట్ల రేట్లు మండిపోతున్నాయి, కొన్నాళ్ళు ఆగుదాం" అని ఫోన్లో చెప్పాను. రేట్లు మండలేదు. పాపకి అప్పుడు రెండేళ్ళు. నేను లేకుండానే మాటలన్నీ నేర్చేసుకుంది.

అప్పటికైనా బుద్ధొచ్చిందా అంటే, అదీ దురద కొద్దీ వచ్చింది. హ్యాండ్ల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్ ఒకటి వాడేవాణ్ణి, ఎదుటివాళ్ళ లెక్కలు చూడటానికి. ఒక ఆదివారం ఏమీ తోచక, నా పేరు మీదే ఫిల్టరు పెట్టాను. రివర్ దగ్గర, పాట్‌కి దాదాపు సమానమైన పందేన్ని, ఒక్క జతతో నేను కాల్ చేసిన సందర్భాలు ఎన్ని? 212. అందులో గెలిచినవి? 41.

లెక్క మళ్ళీ చూడండి. పాట్ 100, పందెం 100. నేను 100 పెట్టి 200 కోసం ఆడుతున్నాను. మూడింట ఒకసారి గెలిస్తే నష్టం లేదు, అంటే 33 శాతం. నేను గెలిచింది 19 శాతం. పోయిన డబ్బులో సింహభాగం ఈ ఒక్క కంతలోంచే కారిపోయింది. ఆ కంత నాకు నేర్పింది ఎవరు? నా హీరోలు. పాపం వాళ్ళ తప్పేం లేదు. నాలాంటి చిన్న బల్లల మీద రివర్ దగ్గర పెద్ద పందెం వేసేవాడి దగ్గర దాదాపు ఎప్పుడూ మంచి ముక్కలే ఉంటాయి. వాళ్ళ బల్లల మీద బ్లఫ్‌లు ఉంటాయి, కాబట్టి వాళ్ళ కాల్ సరైనది. పైగా వాళ్ళు మౌనంగా పడేసిన వందల జతలు నేను చూడలేదు. పడేసిన ముక్కలు ఎవడూ చూపించడు కదా!

బాగా ఆడేవాడి హ్యాండ్లు ఏడాది చూసి కనిపెట్టలేనిది, చెడ్డగా ఆడేవాడి (అంటే నా) హ్యాండ్లు ఒక్క మధ్యాహ్నం చూస్తే దొరికింది.

నేను మానేసిన కొద్ది రోజులకే, 2009 డిసెంబరులో, "చూశావా, మేం చెప్పలేదూ" అని మిత్రులు ఒక వార్త పంపారు. ఫుల్ టిల్ట్ సైట్లో ఇసిల్దూర్1 అనే పేరుతో ఆడే ఒక అనామకుడు అప్పట్లో మహామహుల్ని వణికిస్తున్నాడు. (అతను స్వీడన్ కుర్రాడు విక్టర్ బ్లోమ్ అని 2011 జనవరిలో బయటపడింది.) అతన్ని బ్రయన్ హేస్టింగ్స్ అనే ఆటగాడు ఒకే రోజు కూర్చుని 42 లక్షల డాలర్లకి ఓడించాడు. ఎలా? హేస్టింగ్స్, బ్రయన్ టౌన్‌సెండ్, కోల్ సౌత్ కలిసి ఇసిల్దూర్ హ్యాండ్లు పోగేసి చదివారు. దాదాపు 30,000 హ్యాండ్లు. "హ్యాండ్లు స్టడీ చేస్తే లాభం లేదన్నావు కదా, ఇప్పుడేమంటావు?" అని నన్ను వెక్కిరించారు.

ఏమంటాను? వాళ్ళు చేసింది, మనం చేసేది ఒకటే పనా అంటాను. వాళ్ళు ముగ్గురూ అప్పటికే ప్రపంచంలో పై వరసలో ఉన్నవాళ్ళు. చదివింది ఒక్క మనిషిని. చదివింది 30,000 హ్యాండ్లు, ముప్పై క్లిప్పులు కాదు. ముఖ్యంగా, ఇసిల్దూర్ లాగా ఆడదామని చదవలేదు, ఇసిల్దూర్ ఎక్కడ తప్పు చేస్తున్నాడో చూద్దామని చదివారు. ఇంకో ముక్క కూడా చెప్పాలి. తాము ఆడని హ్యాండ్లని అలా పోగేసి పంచుకోవడం ఆ సైటు నిబంధనలకి విరుద్ధం. టౌన్‌సెండ్ ఒప్పుకున్నాడు, ఆ సైటు ఇచ్చే ప్రొఫెషనల్ హోదాని నెల రోజులు పోగొట్టుకున్నాడు. మిత్రులు పంపిన వార్తలో ఈ భాగం లేదు. క్లిప్పులో ఎప్పుడూ ఉండదు.

అయినా "బాగా ఆడేవాడు" అని ఎవరు నిర్ణయించారు? 2007 సెప్టెంబరులో అబ్సల్యూట్ పోకర్ సైట్లో వెయ్యి డాలర్ల ప్రవేశరుసుము ఉన్న పోటీ జరిగింది. పాట్‌రిప్పర్ అనే పేరున్న వాడు గెలిచాడు. ఏం ఆట అది! బ్లఫ్ చేస్తే అవతలివాడు పడేస్తాడు, అవతలివాడు బ్లఫ్ చేస్తే వీడు పనికిరాని ముక్కలతో కూడా కాల్ చేస్తాడు. నా "హీరో కాల్స్" ఫోల్డరులో పెట్టుకోదగ్గ హ్యాండ్లు. రెండో స్థానంలో వచ్చిన ఆటగాడు అనుమానం వచ్చి పోటీ చరిత్ర పంపమని సైటు వాళ్ళని అడిగాడు. వాళ్ళు పొరపాటునో ఏమో, అందరి మూసిన ముక్కలతో సహా మొత్తం ఫైలు పంపేశారు. అది విప్పి చూస్తే తేలింది, పాట్‌రిప్పర్‌కి ఎదుటివాళ్ళ ముక్కలు కనపడుతున్నాయని. లోపలివాళ్ళ పనే. చివరికి ఆ కంపెనీ కూడా ఒప్పుకోక తప్పలేదు.

ఇందులో నాకు నచ్చేది ఏమిటంటే, ఒక్కో హ్యాండూ విడిగా చూస్తే "అబ్బ, ఏం ధైర్యం" అనిపిస్తుంది. మొత్తం వరసగా చూస్తేనే ఇంత అదృష్టం మనుషులకి ఉండదని తెలుస్తుంది. ఏరిన హ్యాండ్లు దొంగని హీరోని చేస్తాయి, మొత్తం హ్యాండ్లు పట్టిస్తాయి.

సరే, మనుషుల గోల వదిలేద్దాం, మన వృత్తికి దగ్గరి ఉదాహరణ చూద్దాం. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని ఒక కాసినోలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళ ప్రోగ్రాం లిబ్రేటస్, నలుగురు ప్రొఫెషనల్స్‌తో 20 రోజుల పాటు 1,20,000 హ్యాండ్లు ఆడింది. తయారుచేసినవాళ్ళు టువోమస్ సాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్. ఆ నలుగురూ రోజూ సాయంత్రం కూర్చుని ఆ రోజు హ్యాండ్లు తిరగేసి, మెషీన్‌లో కంతలు వెతికేవాళ్ళు. కొన్ని దొరికేవి కూడా. అదే రాత్రి లిబ్రేటస్ ఏం చేసేది? ఎదుటి నలుగురి బలహీనతలు చదివేది కాదు. వాళ్ళు ఏ సైజు పందేలతో తనని ఎక్కువ గుచ్చుతున్నారో చూసి, తన ఆటలో ఆ కంతలు పూడ్చుకునేది. పొద్దున వాళ్ళు వచ్చేసరికి నిన్నటి కంత ఉండేది కాదు. చివరికి 17 లక్షల 66 వేల డాలర్ల పైచిలుకు విలువైన చిప్స్ ఆధిక్యంతో గెలిచింది.

ఆ ప్రోగ్రాంకి హీరోలు లేరు. మనుషుల హ్యాండ్లు చూసి నేర్చుకోలేదు, తనతో తనే ఆడుకుని నేర్చుకుంది. అయినా మనం పొద్దున్నే కోడ్ రివ్యూలో పక్కవాడి తప్పులు నలభై పట్టి, రాత్రి మన హ్యాండ్లు మనం చూసుకోమంటే కళ్ళు మూసుకుంటాం.

ఇంత తిట్టాక పద్ధతి చెప్పకపోతే అన్యాయం. నాకు పని చేసింది ఇది.

ఒకటి. గొప్పవాళ్ళ హ్యాండ్ చూస్తే, వాళ్ళు ఏం చేశారో కనపడకుండా మూసేయండి. ప్రతి దశలో ఆపి, మీరైతే ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో ఒక వాక్యం కాగితం మీద రాయండి. రాశాకే ముందుకెళ్ళండి. రాయకుండా "నేనూ అదే అనుకున్నా" అంటే అది అబద్ధం. అందరం అలాగే అనుకుంటాం, చూశాక.

రెండు. ఎదుటివాడి చేతిలో ఉన్న ముక్కలు ఏమిటని అడక్కండి, ఉండగలిగే ముక్కలు ఏమేమిటని అడగండి. నార్వే అమ్మాయి అనెట్ ఓబ్రెస్టాడ్ 2007లో 180 మంది ఉన్న ఆన్‌లైన్ పోటీ ఒకటి, తన ముక్కలు ఒక్కసారి తప్ప చూసుకోకుండా గెలిచింది. అందుకని మనమూ కళ్ళు మూసుకుని ఆడాలని కాదు (మళ్ళీ వాతలు!). కుర్చీ, చిప్స్, ఎదుటివాళ్ళ అలవాట్లు, ఇవి ముక్కల కంటే ఎంత ఎక్కువ మోస్తాయో తెలుసుకోడానికి చెప్తున్నాను.

మూడు. స్టడీకి నాలుగు గంటలుంటే మూడు గంటలు మీ హ్యాండ్ల మీదే పెట్టండి. పెద్ద పాట్ పోయిన హ్యాండ్ ఒక్కటి పట్టుకుని ఏడవద్దు. ఒకే రకం హ్యాండ్లన్నీ ఫిల్టరు పెట్టి బయటికి లాగి, గెలిచిన శాతాన్ని గెలవాల్సిన శాతంతో పోల్చండి. 212లో 41 లాంటి అంకె ఒకటి మీకోసం కూడా ఎదురుచూస్తూ ఉంటుంది.

నాలుగు. "స్టడీ చేశాక గెలుస్తున్నా" అని తొందరపడి చెప్పకండి. బల్ల మీద తప్పనిసరిగా పెట్టే పెద్ద పందెం, అదే బిగ్ బ్లైండ్, మన కొలమానం అనుకుందాం. ఆరుగురు ఆడే నో-లిమిట్ బల్ల మీద వంద హ్యాండ్లకి గెలుపోటముల స్టాండర్డ్ డీవియేషన్ మామూలుగా 90 బ్లైండ్ల చుట్టుపక్కల ఉంటుంది. బాగా ఆడేవాడు వంద హ్యాండ్లకి 5 గెలిస్తే గొప్ప. 10,000 హ్యాండ్లు ఆడాక కూడా మీ సగటులో దోషం 9 బ్లైండ్లు. అంటే గెలిచే 5 కంటే ఆ గందరగోళమే ఎక్కువ! లక్ష హ్యాండ్లకి అది 3 దగ్గరికి దిగుతుంది. లక్ష హ్యాండ్లండీ. రెండు వీకెండ్ల పని కాదు.

ఇవన్నీ చేశాక గెలుస్తామా? బల్ల మీద ఒకడి గెలుపు ఇంకొకడి ఓటమి. అందులోంచి సైటు తన వాటా, రేక్ అంటారు, ముందే తీసేసుకుంటుంది. చిన్న పందేల్లో మామూలుగా పాట్‌లో 5 శాతం చుట్టుపక్కల. కాబట్టి ఆరుగురూ సమానంగా స్టడీ చేసి వస్తే ఆరుగురూ ఓడిపోతారు. ఇది నైపుణ్యం ఉన్న ఆటే, నేను కాదనను. కోర్టుల్లో వాదించినవాళ్ళు ఊరికే వాదించలేదు. కాకపోతే నైపుణ్యం ఉన్న ఆట అంటే ఆ నైపుణ్యం మీ దగ్గరే ఉందని అర్థం కాదు. చాలాసార్లు అది ఎదురు కుర్చీలో ఉంటుంది, మీ డబ్బుతో సహా.

అందుకని "స్టడీ చేస్తున్నా" అనే మిత్రులకి నాదొక చిన్న పరీక్ష. పోయిన నెలలో మీరు నేర్చుకున్న గొప్ప హ్యాండ్లు నాకు చెప్పొద్దు. ఆ నెలలో రివర్ దగ్గర మీరు పడేసిన హ్యాండ్లు యాభై పట్టుకురండి, ఎందుకు పడేశారో ఒక్కో వాక్యంతో. తీసుకొస్తే మీరు నిజంగా స్టడీ చేస్తున్నారని ఒప్పుకుంటాను, కాఫీ కూడా నాదే. తీసుకురాలేకపోతే మీరు చేస్తున్నది సినిమా చూడటం. సినిమా చూడటం తప్పేం కాదు. టికెట్ ఎంతయిందో ఇంట్లో నిజం చెప్తే చాలు.

నేను చెప్పడానికి మూడేళ్ళు పట్టింది.